రద్దు చేయని గది

టికెట్ ఎవరైనా కొడతారు. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ తమ టికెట్ తామే కొట్టుకుంటున్నారు. కువైట్‌లో, హవల్లీలోని ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన నేను, ఆ పని గురించి ఒక్క ముక్క కూడా రాయను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఎవరూ చెప్పని పని ఇంకొకటి ఉంది. మనకు అంతంతమాత్రంగా తెలిసిన మనిషి, తనకు బొత్తిగా తెలియని ఊళ్ళో, ఎవరి ఇంట్లో పడుకోవాలో, పొద్దున్నే ఎవరి చేతి టిఫిన్ తినాలో మనం చెప్పాలి. ఆ మనిషి మన మాట నమ్మి వెళ్తాడు. అక్కడ జరిగేదానికి సగం బాధ్యత మనది.

నా వంతుకు వచ్చినవి ఎక్కువగా దక్షిణాది పాత ఊళ్ళు. కొచ్చి, మైసూరు, మదురై, తంజావూరు. హోటల్ వద్దు, పాతకాలపు ఇంట్లో ఒక గది, పొద్దున ఇంటి టిఫిన్ కావాలనేవాళ్ళను మా మేనేజర్ నా కౌంటర్‌కు పంపేవారు.

ఫొటోలో లేనివి

మా మేనేజర్ అబూ నాసర్ జోర్డాన్ మనిషి. కోపిష్ఠి. కానీ నాకు పని నేర్పింది ఆయనే. ఎలా నేర్పారో చెప్తాను.

చేరిన రెండో ఏట సల్వా నుంచి ఒక కువైటీ కుటుంబం వచ్చింది. కొచ్చిలో పాత బంగళాలో గదులు కావాలన్నారు. ఫొటోలు చూశాను. అద్దంలా మెరిసే చెక్క నేల, పెద్ద కిటికీలు, పందిరి మంచాలు. వెంటనే ఖాయం చేశాను. వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఫోన్ వచ్చింది. చేసింది ఆ కుటుంబంలోని పెద్దావిడ వెంట వెళ్ళిన కడప అమ్మాయి, వాళ్ళింట్లో పనిచేసేది.

"మేడమ్, గదులన్నీ పైనుండాయి. మెట్లు నిచ్చెన మాదిరి నిటారుగా ఉండాయి. మామా ఎక్కల్యాక హాల్లోనే పండుకునింది. నేను పక్కన చాప పరుసుకున్యా."

మామా అంటే ఆ పెద్దావిడే. ఆవిడకు తుంటి ఎముక ఆపరేషనైందని నాకు తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు. అబూ నాసర్ నన్ను పిలిచి, "నువ్వు వాళ్ళకు ఇల్లు చూడలేదు, ఫొటో చూశావు" అన్నారు. అంతకు మించి తిట్టలేదు. మరుసటి సెలవులకు రాజమండ్రి వెళ్తున్నప్పుడు మాత్రం, "దారిలో ఒక్కో ఇంట్లో ఒక్క రోజు పడుకుని రా. పడుకోని ఇంటికి మనిషిని పంపకు" అన్నారు.

ఆ తరవాత ప్రతి సెలవులోనూ అదే చేశాను. ఫొటోలో కనబడని వాటి కోసమే చూసేదాన్ని. మెట్లెన్ని, బాత్రూం గదిలోనే ఉందా వాకిట్లో ఉందా, పక్కింటి వాళ్ళు పొద్దున్నే ఏం చేస్తారు, ఇంటావిడ ఎక్కువ మాట్లాడే మనిషా కాదా. ఇంటావిడ స్వభావమే అన్నిటికంటే ముఖ్యం. గది బాగుండి ఇంటావిడ చిరాకు మనిషైతే ఆ టిఫిన్ గొంతు దిగదు.

అలా దొరికిన ఇల్లే తంజావూరులో రంగనాయకమ్మ గారిది. డెబ్బై దాటిన మనిషి. తరతరాల కిందట దక్షిణానికి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆవిడ తెలుగులో సగం అరవం, సగం ఎవరూ వాడని పాత మాటలు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. మూడు గదులు అద్దెకిస్తారు. వంట తనే చేస్తారు. నేను పడుకున్న అన్ని ఇళ్ళలోనూ, కంటినిండా నిద్రపోయిన ఇల్లు అది.

మూడు గురువారాలు

శ్రీహరి గారు ఒక గురువారం మధ్యాహ్నం ఆఫీసు ముగించుకుని మా దగ్గరికి వచ్చారు. విజయవాడ మనిషి, కట్టడాల ఇంజనీరు. మా ఆఫీసుకు నాలుగు వీధుల అవతలే ఫ్లాట్. భార్య వసుంధర గారు ఇక్కడ స్కూల్లో కెమిస్ట్రీ టీచర్. పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళుగా కువైట్‌లో ఉండి, పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప ఎక్కడికీ వెళ్ళలేదట.

"తంజావూరు గుడి చూడాలండీ," అన్నారాయన. "అంత రాయి అంత ఎత్తుకు ఎలా ఎక్కించారో కాలేజీలో పుస్తకంలో చదివాను. రెండ్రోజులు ఊరికే దాని ముందు కూర్చోవాలి."

అలా మూడు గురువారాలు వచ్చారు. మూడు ఇళ్ళు చూపించాను. ఆయన అడిగే ప్రశ్నలు ఎవరూ అడగనివి. గోడ మందమెంత, పైకప్పు దూలాలా మిద్దెనా, గదికి కిటికీ ఎటువైపు. రెండో వారం వసుంధర గారూ వచ్చారు. ఆవిడది ఒక్కటే ప్రశ్న.

"నాకు మోకాళ్ళ నొప్పులండీ. కింది గదేనా?"

"కిందదే. మెట్లు లేవు."

"అయితే నాకింకేం చూపించొద్దు. ఆయన్ని గోడలు చూసుకోమనండి."

మూడో గురువారం రంగనాయకమ్మ గారికి ఫోన్ కలిపి శ్రీహరి గారి చేతికిచ్చాను. పది నిమిషాలనుకున్నది అరగంట మాట్లాడుకున్నారు. ఇల్లు ఎవరు కట్టారు, సున్నంలో ఏం కలిపారు, ఇదే మాట. ఫోన్ పెట్టేసి, "ఈవిడ నా కన్నా మంచి ఇంజనీరండీ" అని నవ్వారు. వేసవి సెలవులు మొదలవగానే ఒక ఆదివారం నుంచి మంగళవారం దాకా గది ఖాయమైంది.

విమానం టికెట్లు కంప్యూటర్లో ఉంటాయి. ఈ గది మాత్రం ఒక ముసలావిడ నోటిమాట, నా పుస్తకంలో ఒక పంక్తి. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆయనకు నేను కొట్టిన చివరి టికెట్

ప్రయాణం ఇంకా మూడు వారాలుందనగా, శ్రీహరి గారు ఎవరో తెలిసినవాళ్ళ ఫారంలో నీళ్ళ ట్యాంకుకు పునాది చూడటానికి ఊరికి దూరంగా ఎడారిలో ఉన్న కబ్ద్ వెళ్ళారు. పొద్దున తొమ్మిదింటికి ఎండ ఎక్కువగా ఉందని షెడ్డు నీడన కూర్చున్నారట. టీ తెచ్చినతను పిలిస్తే పలకలేదు.

గల్ఫ్‌లో ట్రావెల్ ఆఫీసు ఉద్యోగం అంటే ఇది కూడా అని మీకు ఇంటర్వ్యూలో చెప్పరు. మనిషిని పంపిన కౌంటర్ నుంచే శవం ఉన్న పెట్టెనూ పంపాలి. ఆయన స్నేహితులు కాగితాలు తెచ్చారు. విజయవాడ దాకా పెట్టెకు కార్గోలో చోటు, వసుంధర గారికి అదే విమానంలో సీటు, రెండూ నేనే వేశాను. తంజావూరు వెళ్ళడానికి తిరుచిరాపల్లి దాకా తీసిన విమానం టికెట్లు రెండూ ఆ రోజే రద్దు చేశాను. స్క్రీన్ మీద ఆ పేరు ఎదురుగా కనబడుతోంది కాబట్టి చేశాను.

తంజావూరు గది మరచిపోయాను.

నెల కావస్తుండగా ఒక శుక్రవారం ఇంట్లో తీరిగ్గా పుస్తకం తిరగేస్తుంటే ఆ పంక్తి కనబడింది. ఆ ఆదివారం, ఆ మంగళవారం వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఆ ముసలావిడ పిండి రుబ్బుకుని, పక్కలు పరుచుకుని ఎదురుచూసి ఉంటారు. సిగ్గుతో ఫోన్ చేశాను.

"క్షమించండమ్మా. ఆ విజయవాడ వాళ్ళు రారని మీకు ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

"ఎందుకమ్మా క్షమాపణ?" అన్నారావిడ. "వచ్చినారు కదా."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఎవరొచ్చారమ్మా?"

"మీ ఇంజనీరయ్య. ఆదివారం పొద్దున్నే వచ్చేసినారు. భార్యకు రావడానికి వీలు కాలేదని ఒంటిగా వచ్చినారు. రెండు దినాలు ఉండి పొయినారు."

"ఆయనేనని ఎలా తెలుసు?"

"ఫోన్‌లో అరగంట మాట్లాడినాను కదా. ఆ గొంతు నాకు తెలియదా?"

ఆయన పోయారని ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు. బస చేసినవాళ్ళు సంతకం పెట్టే రిజిస్టర్లో ఆ పేజీ ఫొటో తీసి పంపమని మాత్రం అడిగాను. కాస్త ఆగి, "ఎందుకమ్మా?" అన్నారు. ఆఫీసు లెక్కకు అన్నాను. సాయంత్రానికి పక్కింటి వాళ్ళ చేత పంపించారు.

పేరు, ఊరు హవల్లీ, ఫోన్ నంబరు, సంతకం. శ్రీహరి గారు తెలుగులో సంతకం చేసేవారు. చివరి 'రి' మీద గుడిని పైకి లేపి, వెనక్కి తిప్పి, మొదటి అక్షరం మీదికి గొడుగులా తెచ్చేవారు. శనివారం ఆఫీసుకు వెళ్ళి ఫైల్లోని పాస్‌పోర్టు కాపీ తీసి పక్కన పెట్టి చూశాను. గొడుగు అలాగే ఉంది.

అబూ నాసర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "బంధువెవరైనా ఆ పేరుతో వెళ్ళి ఉంటాడు. తమ్ముడు ఉన్నాడా?" అన్నారు. తెలియదన్నాను. "మీ అక్షరాలు నాకు రావు. నా కంటికి రెండూ ఒకటే. అందుకే చెప్తున్నా, ఇక చూడకు. ఆ భార్యతో అనకు. ఖలాస్, ఫైల్ మూసెయ్."

మూసేశాను. ఆ వారమంతా కౌంటర్‌కు ఎవరు వచ్చి "నమస్కారమండీ" అన్నా, తలెత్తడానికి ఒక్క క్షణం పట్టేది.

బతికున్నవాళ్ళ విషయంలో అబూ నాసర్ సలహా ఎప్పుడూ తప్పలేదు. ఈ విషయంలో ఆయన భయపడ్డారు. ఆయన భయం నాకు వీలుగా ఉంది కాబట్టి నేను సలహా అనుకున్నాను. పై అధికారి మాటను మీరు ఎందుకు వింటున్నారో అప్పుడప్పుడు చూసుకోవాలి.

ఆవిడ అడిగిన ప్రశ్న

వసుంధర గారు కర్మలన్నీ అయ్యాక తిరిగి వచ్చారు. ఉద్యోగం ఉంది, ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, ఇఖామా, ఆవిడ పేరు మీదే ఉంది, రాక తప్పదు. వచ్చిన వారానికి మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు.

"ఆ తంజావూరు ఆవిడకి మేం రావట్లేదని చెప్పారాండీ? పాపం, ఎదురుచూస్తారేమోనని."

"చెప్పానండీ," అన్నాను.

అది నేను ఈ కౌంటర్లో ఆడిన అతి పెద్ద అబద్ధం. ఆవిడ బాధపడకూడదని ఆడానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా మరుపు బయటపడకూడదని ఆడాను.

పది రోజులకు మళ్ళీ వచ్చారు. కూర్చోలేదు. చేతిలో ఉన్నది శ్రీహరి గారి ఫోన్. ఆ నంబరు ఆవిడ తీసేయకుండా ఉంచుకున్నారు.

"నిన్న పొద్దున దీనికి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దావిడ. 'అయ్య బాగా చేరినారా' అని అడిగింది. నేను కట్ చేసేశాను. తర్వాత నంబరు చూస్తే తంజావూరుది." ఆవిడ గొంతు పెరగలేదు. "మీరు చెప్పానన్నారు కదండీ. మరి అక్కడికి ఎవరు వెళ్ళారు?"

ఇక దాచలేదు. మరచిపోయింది, ఫోన్ చేసింది, సంతకం, అంతా చెప్పాను. రిజిస్టర్ ఫొటో చూపించాను. ఆవిడ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఆయనకి తమ్ముళ్ళెవరైనా..." అన్నాను.

"ఒక్కడే కొడుకండీ."

తిడతారనుకున్నాను. పోలీసులనో మోసమనో అంటారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆవిడకి ఫోన్ కలపండి. నేనున్నానని చెప్పొద్దు. ఏం తిన్నారో అడగండి."

స్పీకర్ పెట్టి కలిపాను. అబూ నాసర్ తన గది తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. తెలుగు రాకపోయినా కదల్లేదు. ఆ ఇంజనీరు గారికి టిఫిన్ ఏం పెట్టారమ్మా అని అడిగాను. అడిగినందుకు రంగనాయకమ్మ గారు ఆశ్చర్యపోలేదు.

"మొదటి దినం ఇడ్లీ వేసినా. రెండు తిని చాలన్నారు. రెండో దినం దోసె పోస్తానంటే వద్దని, చద్దన్నం ఉంటే మజ్జిగ పోసి ఇమ్మన్నారు. పచ్చిమిరపకాయ కొరుక్కొని తినినారు. తిన్నాక ఆ తొడిమను ఆకు అంచున మెతుకు పెట్టి నిలబెట్టినారు. చిన్న స్తంభం మాదిరి."

వసుంధర గారు కళ్ళు మూసుకున్నారు. "ఆయనే," అన్నారు, నాకు మాత్రమే వినబడేటట్టు.

"పక్కన ఎవరమ్మా?" అంది ఫోన్.

నేను ఏదో చెప్పబోయేలోగా వసుంధర గారే ముందుకు వంగారు. "నేనండీ. ఆయన భార్యని."

రంగనాయకమ్మ గారు చాలా మెల్లగా, "అయ్య బాగా చేరినారా తల్లీ? పొయ్యేటప్పుడు అలిసినట్టు ఉండినారు" అన్నారు.

వసుంధర గారు టేబుల్ అంచు పట్టుకున్నారు. ఆయన పోయారని చెప్పేస్తారనుకున్నాను.

"చేరారండీ," అన్నారు. "బాగానే చేరారు."

ఫోన్ పెట్టేశాక ఆ గదిలో మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అబూ నాసర్ తనే వెళ్ళి ఆవిడకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఎవరికైనా ఆయన నీళ్ళు తెచ్చివ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మళ్ళీ అదే గది

తర్వాతి సెలవులకు వసుంధర గారు అదే గది అడిగారు. ఒంటరిగా వెళ్తానన్నారు. నేను వద్దనలేదు. మనిషి ఎక్కడికి వెళ్ళాలో చెప్పడం మన పని కాదు. వెళ్ళే చోటు ఎలాంటిదో ఉన్నదున్నట్టు చెప్పడమే మన పని. ఆ ఇంటివైపు కూడా అంతే. వచ్చే మనిషి ఎవరో ఇంటికి తెలియాలి. నేను రంగనాయకమ్మ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పేస్తానంటే వసుంధర గారు ఆపారు.

"నేను ఎదురుగా కూర్చుని చెప్తానండీ. ఫోన్‌లో చెప్పే మాట కాదు."

టికెట్ కొట్టాను. ఈసారి గది సంగతి కూడా కంప్యూటర్లో ఎక్కించాను. ఆవిడ అక్కడున్న రెండు రోజులూ నాకు పని మీద ధ్యాస లేదు. ఫోన్ మోగితే అందరికంటే ముందు నేనే ఎత్తేదాన్ని. తప్పు చేసినవాళ్ళు ఇలా ఎదురుచూడటం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

సెలవులయ్యాక ఆవిడ నేరుగా మా ఆఫీసుకు వచ్చారు. మొహం తేటగా ఉంది. తంజావూరు నుంచి ఒక చిన్న పొట్లంలో విభూతి తెచ్చిచ్చారు.

"చెప్పారా?" అని అడిగాను.

"చెప్పానండీ. మొదటి రోజు టిఫిన్ దగ్గరే చెప్పాను. ఆవిడ వడ్డిస్తూ, 'తెలుసు తల్లీ' అన్నారు."

"ఎలా తెలుసట?"

వసుంధర గారు రంగనాయకమ్మ గారు చెప్పింది చెప్పినట్టుగా చెప్పుకొచ్చారు. ఆ మంగళవారం పొద్దున ఆవిడ వాకిలి కడిగి, బియ్యప్పిండి కలిపి ముగ్గు పెట్టి, లోపలికి వెళ్ళారు. శ్రీహరి గారు అప్పుడు గదిలోనే ఉన్నారు. వెళ్ళొస్తానమ్మా అన్న మాట వంటింట్లోకి వినబడింది. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గది ఖాళీ. పక్క దుప్పటి మడత పెట్టి ఉంది. ఆ ఇంటికి వీధి తలుపు ఒక్కటే దారి. ఆవిడ వాకిట్లోకి వచ్చి చూశారు. పిండి ఇంకా తడి ఆరలేదు. ఒక్క గీత చెదరలేదు.

అప్పటికి ఆవిడ ఎవరితోనూ అనలేదు. నేను ఫోన్ చేసి సంతకం ఫొటో అడిగినప్పుడు అనుమానం బలపడిందట. కొన్నాళ్ళు ఆగి, రిజిస్టర్లో రాసిన నంబరుకు ఎవరు పలుకుతారో చూద్దామని ఫోన్ చేశారట. నా టేబుల్ ముందు కూర్చుని వసుంధర గారు 'చేరారు' అన్న తీరు వినగానే ఆయన లేరని అర్థమై, ఇక అడగాల్సింది ఏమీ లేదనుకున్నారట.

"ఇదంతా విన్నాక అదే గదిలో పడుకున్నారా? భయం వేయలేదా?" అన్నాను. అడక్కూడని ప్రశ్నే. నోరు జారింది.

"దేనికండీ భయం?" అన్నారావిడ. "ఆయన ముగ్గు ఎప్పుడూ తొక్కేవారు కాదు. హవల్లీలో మా ఫ్లాట్ గుమ్మం ముందు చాక్‌పీస్‌తో చిన్న ముగ్గు పెడితే, రెండు చేతులా సామాన్ల సంచులున్నా సరే, పక్కనుంచి అడుగు వేసి లోపలికి వచ్చేవారు. ఆయన అలవాటే అంత."

నేను తలూపాను. ఆ ఇంట్లో నేనూ పడుకుని లేచాను. వాకిలి ఇరుకు. రెండు అరుగుల మధ్య రంగనాయకమ్మ గారు ముగ్గు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, గడప నుంచి వీధి అంచు దాకా నిండుగా పెడతారు. పక్కన అడుగు మోపే చోటు లేదు. వసుంధర గారు రెండు పొద్దులు ఆ వాకిలి చూసి వచ్చారు. చోటు లేదని ఆవిడకూ తెలుసు. ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.